నెత్తురు మనది, లెక్క కూడా మనకు తెలవాలె



ఉప్పల్ రోడ్డులో హబ్సిగూడ దగ్గర సీసీఎంబీ, ఉప్పల్‌లో సీడీఎఫ్‌డీ ఉన్నాయి. నాచారంలో రూములు తీసుకుని చదువుకునే మనోళ్లకు ఆ బోర్డులు తెలిసినవే. లోపల జరిగే పనిలో ఆదివాసీల నెత్తురు కూడా ఉంది. 2009లో సీసీఎంబీ, హార్వర్డ్ శాస్త్రవేత్తలు కలిసి 25 సమూహాలకు చెందిన 132 మంది జన్యువులను పరిశీలించారు. వాళ్లలో ఆదివాసీలూ ఉన్నారు. 2025 జనవరిలో విడుదలైన జీనోమ్ ఇండియా సమాచారంలో 83 సమూహాలున్నాయి.

ఈ పరిశోధన మనకు అవసరమే. సికిల్ సెల్ బాధ మన గూడేలకు తెలుసు. కానీ నెత్తురు ఎవరి దగ్గర, ఎట్లా తీశారన్నది లెక్కలోకి రాకపోతే జవాబు తప్పుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలంగాణలో గిరిజనులు దాదాపు 9 శాతం. ఒక సర్వేలో 50 మంది గిరిజనులను, 50 మంది ఇతరులను తీసుకున్నారనుకోండి. ఒక జన్యు మార్పు మనోళ్లలో 10 మందికి, ఇతరులలో ఒక్కరికి కనబడింది. నేరుగా కూడితే 11 శాతం. జనాభా వాటా ప్రకారం ఒక్కొక్కరికి 'వెయిట్' ఇస్తే రాష్ట్ర సగటు 3.6 శాతమే. 11 ఎవరి లెక్కా కాదు. 3.6 రాష్ట్రానికి సరైనదే, కానీ ఆ ఒక్క అంకె చూసి మందులు పంచితే 20 శాతం ఉన్న గూడెం మాయమైపోతుంది. అందుకే రెండు లెక్కలూ విడిగా చెప్పాలె.

ఇంకోటి, చుట్టరికం. 20 గూడేల్లో 20 మంది చొప్పున తీస్తే 400 మంది. ఒకే గూడెపోళ్ల మధ్య పోలిక 0.05 ఉన్నా చాలు, ఆ 400 మంది ఇచ్చే సమాచారం విడివిడిగా ఎంచుకున్న 205 మంది ఇచ్చేదానితో సమానం. ఇది మరిచిపోతే యాదృచ్ఛికంగా వచ్చిన తేడా కూడా రుజువులా కనబడుతుంది.

రోగులను గూడెంలో, ఆరోగ్యవంతులను పట్నంలో వెతికితే ఇంకా ప్రమాదం. మనలో ఇతరుల కంటే ఎక్కువగా ఉండే ఏ జన్యు మార్పైనా రోగకారణంలా తేలొచ్చు. తర్వాత ఆ మచ్చ తెగ పేరు మీద పడుతుంది.

కాబట్టి సంతకం పెట్టే ముందు అడుగుదాం: మమ్మల్ని ఎట్లా ఎంచుకున్నారు? వెయిట్లు వేస్తారా? చుట్టరికాన్ని, తెగల తేడాను లెక్కలో పెడతారా? ఫలితం మా గూడేనికి వచ్చి చెబుతారా?

స్టాటిస్టిక్స్ చదువుతున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఆ లెక్కలు చేసే కుర్చీల్లో మీరు కూడా కూర్చోవాలె.