పాట మనది, పట్టా ఎవరిది?

మొన్న ఏప్రిల్ 14న మా పక్క మండలంలో అంబేద్కర్ జయంతి సభ జరిగింది. డప్పు మోగింది, నీలి జెండా ఎగిరింది, పాట లేచింది. పాడింది ఆ పాట రాసినాయనే. పదేళ్ళుగా ఆయన ఆ పాట పాడని సభ ఆ చుట్టుపక్కల లేదు. సంఘం కుర్రాళ్ళు సెల్‌ఫోన్లో తీసి సంఘం యూట్యూబ్ ఛానల్లో పెట్టారు. తెల్లారేసరికి కబురొచ్చింది. ఈ పాట మీద హక్కు ఫలానా కంపెనీదట, దీని మీద ప్రకటనల డబ్బులు ఏమన్నా వస్తే ఆ కంపెనీకే పోతాయట. రాసినాయన నోట మాట రాలేదు. ఎప్పుడో ఒక లేబుల్ వాళ్ళు పిలిచి, స్టూడియోలో పాడించుకుని, చేతిలో కాస్త సొమ్ము పెట్టి, ఇంగ్లీషు కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. ఆ కాగితంలో ఏముందో ఆయనకు తెలీదు. దాని నకలు కూడా ఆయన దగ్గర లేదు.

ఇది మనకు కొత్త సంగతా? మన తాతల చేత తెల్ల కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారు. దున్నింది మనం, పట్టా వాళ్ళ పేరున. చెరువు తవ్వింది మనం, నీళ్ళు వాళ్ళ చేలకు. ఇప్పుడు పాట దగ్గర కూడా అదే కథ. తేడా ఏమిటంటే, అప్పుడు వేలిముద్ర వేశాం, ఇప్పుడు సంతకం పెడుతున్నాం. చదువుకున్నామని సంతోషించాలో, చదవకుండా సంతకం పెట్టామని ఏడవాలో మనమే తేల్చుకోవాలి.

మిత్రులారా, ‘భూమి గురించి, కూలి గురించి, దాడుల గురించి రాయాల్సిన పత్రికలో ఈ రికార్డు కంపెనీల గోల ఎందుకు?’ అని కొందరు అడగొచ్చు. పాట మనకు కాలక్షేపం కాదు కాబట్టి రాస్తున్నాం. బడి గడప తొక్కనివ్వని కాలంలో మన చరిత్ర పుస్తకంలో లేదు, పాటలో ఉంది. 1985లో కారంచేడు, 1991లో చుండూరు జరిగిన తర్వాత ఆ నెత్తుటి కబురు ఊరూరికీ మోసింది పాటే. 1994లో ఈదుమూడిలో మొదలైన దండోరా పల్లె పల్లెకూ చేరింది డప్పు మీదే. అలాంటి పాట ఎవరి పెట్టెలో తాళం పడుతుందో చూడకపోతే ఎట్లా?

అసలు లేబుల్ అనేది ఎందుకు పుట్టిందో ముందు చూద్దాం. 1902లో గ్రామఫోన్ కంపెనీ మనిషి కలకత్తా వచ్చి గౌహర్ జాన్ గొంతును రికార్డు చేశాడు. అప్పటినుంచి చాలా ఏళ్ళు పాటను రికార్డు చేయాలంటే పెద్ద యంత్రాలు కావాలి. రికార్డులు అచ్చు పోయడానికి కార్ఖానా కావాలి. ఊళ్ళకు పంపడానికి దుకాణాలు, ఏజెంట్లు కావాలి. నలుగురికీ తెలియడానికి ప్రచారం కావాలి. ఈ నాలుగు పనులకూ పెట్టుబడి కావాలి. అది పెట్టినవాడు లేబుల్. పెట్టుబడి పెట్టాను కాబట్టి పాట నాది అన్నాడు. గ్రామఫోన్ పెట్టె కొనగలిగిన ఇల్లు మన పల్లెలో లేదు. కాబట్టి ఆ కంపెనీకి మన పాటతో పని పడలేదు.

క్యాసెట్ వచ్చి ఆ గోడకు బొక్క పెట్టింది. 1980ల్లో టేప్ రికార్డర్ చవకైంది, క్యాసెట్ ఇంకా చవకైంది. చిన్న చిన్న పట్టణాల్లో చిన్న చిన్న కంపెనీలు లేచాయి. జానపదం, భక్తి, ఉద్యమం, ఏదైనా సరే కాస్త డబ్బు చేతిలో ఉంటే క్యాసెట్ బయటికి వచ్చింది. న్యాయంగా చెప్పాలంటే ఆ చిన్న కంపెనీల వాళ్ళు మన పాటకు మేలే చేశారు. రేడియోలో చోటు దొరకని గొంతులు క్యాసెట్‌లో చోటు సంపాదించాయి. సభ దగ్గర బల్ల వేసి పుస్తకాలతోపాటు క్యాసెట్లు అమ్మిన కార్యకర్తలు ఇది చదువుతూ ఉంటారు, వాళ్ళకు గుర్తుండే ఉంటుంది.

అయితే గోడకు బొక్క పెట్టినవాడే తర్వాత కోట కట్టుకున్నాడు. ఢిల్లీలో పండ్ల రసం దుకాణం నడిపిన కుటుంబంలోంచి వచ్చిన గుల్షన్ కుమార్ 1983లో క్యాసెట్ల కంపెనీ పెట్టి పాత గ్రామఫోన్ కంపెనీకి ముచ్చెమటలు పోయించాడు. ఆ టీ సిరీస్ ఛానల్ తర్వాతి కాలంలో యూట్యూబ్‌లో ప్రపంచంలోనే ఎక్కువమంది చందాదారులున్న ఛానల్ అయ్యింది. ఆ పాత గ్రామఫోన్ కంపెనీ కూడా చావలేదు, సరిగమ అని పేరు మార్చుకుని బతికే ఉంది. ఎట్లా బతికింది? కొత్త రికార్డులు అచ్చు పోసి కాదు. పాత పాటల మీద ఉన్న కాగితాలతో.

ఇక్కడే అసలు విషయం ఉంది. డౌన్‌లోడ్ వచ్చాక లేబుల్ చేసే నాలుగు పనుల్లో మూడు దాదాపు ఖర్చు లేనివి అయిపోయాయి. 1999లో నాప్‌స్టర్ అనేది వచ్చి కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కు పాటలు ఉచితంగా పాకించింది. అమెరికాలో లేబుళ్ళు లబలబలాడి కోర్టుకెక్కి దాన్ని మూయించాయి. 2003లో ఆపిల్ కంపెనీ ఒక్కో పాటకు రేటు కట్టి అమ్మే దుకాణం తెరిచింది. మన పల్లెల్లో డౌన్‌లోడ్ అంటే బస్టాండు పక్కన సెల్ షాపు. పదో ఇరవయ్యో ఇస్తే మెమరీ కార్డు నిండా పాటలు ఎక్కించి ఇచ్చేవాడు. అందులో సినిమా పాటలుండేవి, అయ్యప్ప పాటలుండేవి, మన అంబేద్కర్ పాటలూ ఉండేవి. షాపువాడికి ఇరవై ముట్టింది. రాసినవాడికి? పాడినవాడికి? డప్పు కొట్టినవాడికి? గుండు సున్నా.

ఇప్పుడు ఆ మెమరీ కార్డు కాలం కూడా దాటింది. పాట ఫోన్లో వింటున్నాం, దాచుకోవడం లేదు. స్టూడియో ఫోన్లోకి వచ్చింది, అచ్చు పోసే పని లేదు, లారీ ఎక్కించే పని లేదు. మరి లేబుల్ ఇంకా ఎందుకున్నట్టు? రెండిటికి. ఒకటి, కోట్ల పాటల మధ్యలో నీ పాట నలుగురి చెవిన పడేట్టు చేయడం. రెండు, కాగితం పట్టుకుని కూర్చోవడం. మొదటి పని చేసే లేబుల్‌తో మనకు పేచీ లేదు. దాని కష్టానికి దాని వాటా తీసుకోవచ్చు. మొదటి పని చేయకుండా రెండో పని మాత్రమే చేసే లేబుల్ పొలం గట్టున గొడుగు వేసుకుని కూర్చునే భూస్వామి లాంటిది.

లేబుల్‌ను వదిలేసి సొంతంగా పెట్టుకుంటే సరిపోతుందని కుర్రాళ్ళు అంటున్నారు. నిజమే, కానీ సగం నిజం. యూట్యూబ్‌లో ప్రకటనల డబ్బులో వాటా రావాలంటే మామూలు వీడియోలకు 1000 మంది చందాదారులు, ఏడాదిలో 4000 గంటల వీక్షణ ఉండాలి. స్పాటిఫై 2024 నుంచి పెట్టిన నియమం ప్రకారం ఏడాదిలో వెయ్యిసార్లు వినపడని పాటకు రికార్డింగు మీద పైసా ఇవ్వదు. అంటే దొర మారాడు, గడి మారింది, గింజలు కొలిచే కుంచం మాత్రం ఇప్పటికీ మన చేతిలో లేదు.

తమిళనాడు సంగతి చూడండి. ‘ఎంజాయ్ ఎంజామి’ అనే పాట 2021 మార్చిలో వచ్చింది. రాసి పాడిన అరివు దళిత యువకుడు, క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ బృందం మనిషి. సింహళ తేయాకు తోటల్లో చెమటోడ్చిన తన అవ్వ కథను, భూమి లేని మనుషుల గోడును అందులో పెట్టాడు. కూడా ధీ పాడింది, సంతోష్ నారాయణన్ సంగీతం. నలభై కోట్లసార్లకు పైగా జనం చూశారు. అదే ఏడాది ఆగస్టులో ఒక ఇంగ్లీషు సంగీత పత్రిక ఆ పాట ప్రస్తావనతో అట్ట మీద బొమ్మలు వేసింది. అరివు బొమ్మ లేదు. పా. రంజిత్ లాంటివాళ్ళు గట్టిగా అడిగాక గానీ ఆయన బొమ్మ రాలేదు. ఇక 2024 మార్చిలో సంతోష్ నారాయణన్ స్వయంగా బయటికొచ్చి చెప్పాడు: ఈ పాట మీద మా ముగ్గురికీ ఈ రోజు వరకు ఒక్క రూపాయి రాలేదని. అంత పేరున్న సంగీత దర్శకుడి గతే అదైతే, మన మండలంలో డప్పు పాటగాడి గతి ఏమిటి?

మన దగ్గర 2021లోనే ‘సారంగ దరియా’ పాట సినిమాకెక్కినప్పుడు, అంతకుముందు టీవీ వేదిక మీద దాన్ని పాడిన పల్లెటూరి గాయని నా గుర్తింపు ఏదని అడగాల్సి వచ్చింది. జానపదం ఎవడి సొత్తూ కాదని అందరూ అంటారు. మంచిదే. కానీ ఎవడి సొత్తూ కానిది చివరికి ఎవడి ఖాతాలో జమవుతోందో చూడాలి కదా.

చట్టం ఏమంటోంది? చదువుకున్న కార్యకర్తలు ఇది జాగ్రత్తగా చదివి పదిమందికి చెప్పాలి. పాటలో ఒక్క హక్కు కాదు, నాలుగు హక్కులున్నాయి. రాత రాసినవాడిది. బాణీ కట్టినవాడిది. రికార్డింగు డబ్బు పెట్టి చేయించినవాడిది. గొంతు, వాద్యం పాడిన, వాయించిన కళాకారులది. రికార్డింగు హక్కు ఉన్నంత మాత్రాన రాత, బాణీ కంపెనీవి అయిపోవు. తాతల నాటి పాటను కంపెనీ రికార్డు చేస్తే ఆ రికార్డింగు మాత్రమే దానిది. అదే పాటను మన అమ్మ నాట్లలో పాడి మనం ఫోన్లో తీస్తే దాన్ని ఆపే హక్కు ఆ కంపెనీకి లేదు. యూట్యూబ్‌లో అడ్డం వస్తే భయపడి తీసేయకుండా అభ్యంతరం పెట్టాలి.

1957 నాటి కాపీరైట్ చట్టాన్ని 2012లో సవరించారు. జూన్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం పాట రాసినవాడు, బాణీ కట్టినవాడు తమ రాయల్టీని కంపెనీకి వదులుకోవడానికి వీల్లేదు. కంపెనీతో సమానంగా పంచుకోవాలి. వదులుకుంటున్నాను అని సంతకం పెట్టినా ఆ మాట చెల్లదు. వ్యాపారానికి వాడుకుంటే పాడినవాళ్ళకూ రాయల్టీ రావాలి. హక్కు రాసివ్వడం కాగితం మీదే జరగాలి, నోటిమాట చెల్లదు. ఎన్నేళ్ళకో కాగితంలో రాయకపోతే ఐదేళ్ళే లెక్క. కాగితం రాసిన నాటికి లేని కొత్త సాధనాలకు, వాటి పేరు ప్రత్యేకంగా రాస్తే తప్ప, ఆ హక్కు పాకదు. సవరణకు ముందు రాసిన క్యాసెట్ల కాలపు కాగితాలకు ఇది ఎంతవరకు పనికొస్తుందో వకీళ్ళతో కూర్చుని తేల్చుకోవాలి.

అసైన్డ్ భూములు అమ్మకూడదు, కొనకూడదు అని 1977లో చట్టం వచ్చింది. అయినా ఎన్ని ఎకరాలు చేతులు మారాయో మనకు తెలుసు. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో ఆ చట్టాన్ని కూడా సడలించి 20 ఏళ్ళు దాటిన భూములకు గేటు తెరిచారు. చట్టం పుస్తకంలో ఉంటే సరిపోదు, దాన్ని పట్టుకుని నిలబడే సంఘం ఉండాలి. పాట విషయంలోనూ అంతే.

ఇక మన ఇంటి సంగతి. పరాయివాణ్ణి తిట్టి మనల్ని మనం వదిలేస్తే అది ఉద్యమం కాదు. మన సభల్లో ఎన్నిసార్లు పాట రాసినవాడి పేరు చెప్పాం? పాటగాళ్ళను పొద్దున్నే పిలిచి, నాయకులు వచ్చేదాకా గొంతు పోయేట్టు పాడించి, రాత్రి బస్ ఛార్జీ కూడా ఇవ్వకుండా పంపలేదా? నాట్లలో, తిరగలి దగ్గర మన ఆడవాళ్ళు కట్టిన పాటలను మగవాళ్ళం మన పేరున అచ్చు వేసుకోలేదా? ‘ఉద్యమానికి పాడావు, డబ్బెందుకు?’ అని అన్నవాళ్ళలో మేమూ ఉన్నాం. ఆ మాట తప్పు. ఆకలితో ఉన్న పాటగాడి దగ్గరికే లేబుల్‌వాడు కాగితం పట్టుకుని వస్తాడు. మనం అన్నం పెట్టి ఉంటే ఆయన ఆ సంతకం పెట్టేవాడు కాదు.

పాటకు పట్టా అడగడం అంటే పాటకు కంచె వేయడం కాదా అని ఒక మిత్రుడు అడిగాడు. మంచి ప్రశ్నే. మా మాట ఇది: జనం పాడుకోవడానికి పాట ఉచితం. సభలో, పొలంలో, బడిలో ఎవరైనా పాడొచ్చు, మార్చుకోవచ్చు, రాసినవాడి పేరు చెబితే చాలు. వ్యాపారం చేసుకునేవాడు మాత్రం వాటా పెట్టాల్సిందే.

కాబట్టి చేయాల్సినవి చెబుతున్నాం. ఇంగ్లీషు కాగితం తెస్తే అక్కడికక్కడే సంతకం పెట్టొద్దు. తెలుగులో చదివి వినిపించమనండి, వారం గడువు అడగండి, నకలు తీసుకోండి. ఏ హక్కు, ఎన్నేళ్ళు, ఎక్కడెక్కడ, వాటా ఎంత అన్నవి రాయించండి. ప్రతి పల్లెలో ఒక నోటుబుక్కు పెట్టి పాట, రాసినవారు, కట్టినవారు, ఎవరి దగ్గర విన్నాం, ఏ తేదీన అన్నీ రాయండి. రచన ఢిల్లీ కాపీరైట్ ఆఫీసులో నమోదు చేసుకోవచ్చు, ఫీజు 500 రూపాయలు. నమోదు లేకపోయినా హక్కు ఉంటుంది, ఉంటే సాక్ష్యానికి బలం. సినిమాలకు, లేబుళ్ళకు రాసేవాళ్ళు రాయల్టీలు వసూలు చేసే ఐపీఆర్‌ఎస్ సొసైటీలో సభ్యులుగా చేరండి. సంఘాలన్నీ కలిసి జిల్లాకొక ఉమ్మడి ఛానల్ పెట్టుకుని, వచ్చిన ప్రతి రూపాయి లెక్కా ఏటా సభలో చదవాలి.

బాబాసాహెబ్ 1920లో ‘మూక్‌నాయక్’ పత్రిక పెట్టాడు. ఊళ్ళో పత్రికలు లేక కాదు, వాటిలో మన మాటకు చోటు లేక. ఆయన తర్వాత సొంత ప్రెస్ కూడా పెట్టుకున్నాడు. మాట మనదైనంత మాత్రాన సరిపోదు, మాటను అచ్చువేసే యంత్రం కూడా మన చేతిలో ఉండాలని ఆయనకు అప్పుడే తెలుసు. వందేళ్ళు దాటింది. మన చేతిలో ఫోనుంది, గొంతు ఉంది, డప్పు ఉంది. పట్టా మాత్రం ఇంకా రాయించుకోవాలి.

పక్క మండలం పాటగాడి విషయానికి వస్తే, ఆ కంపెనీని కాగితం నకలు అడుగుతూ సంఘం తరఫున రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పంపాం. జవాబు వస్తే ఇక్కడే అచ్చు వేస్తాం. రాకపోతే ఏం చేయాలో మీరందరూ వచ్చి చెప్పండి. మీ ఊళ్ళో ఇలాంటి సంతకాలు ఎవరైనా పెట్టి ఉంటే వాళ్ళ చేత మాకు రాయించండి.

జై భీమ్!