తూలితే తాగినట్టేనా?

చెవిటికల్లులో మా పెదనాన్న గోడ పట్టుకుని నడుస్తుంటే ఎవరికీ వింతగా అనిపించలేదు. "మళ్లీ ఫుల్లుగా కొట్టాడ్రా" అన్నారు. నేనూ నవ్వాను. అప్పుడు పెద్దమ్మ చెప్పింది: "చుక్క ముట్టి నాలుగు రోజులైందిరా. అన్నం ముట్టి ఇంకా ఎక్కువే అయింది."

దగ్గరికెళ్లి చూశాను. కాళ్లు ఎడంగా పెడితే తప్ప నిలబడలేకపోతున్నాడు. పక్కకి చూడమంటే కనుగుడ్లు టకటకా ఊగుతున్నాయి. నేను ఇద్దరిగా కనబడుతున్నానట! ఇవాళ ఏ వారమో చెప్పలేకపోయాడు. ముందు నందిగామ, అక్కణ్నుంచి బెజవాడ పరుగెత్తాం.

డాక్టర్‌గారి మొదటి ప్రశ్న, "ఎన్నాళ్లనుంచి సరిగా తినట్లేదు?" వెంటనే నరానికి బి1 విటమిన్ ఎక్కించారు. గ్లూకోజు దాని తర్వాతే.

జబ్బు పేరు వెర్నికీ ఎన్సెఫలోపతి. 1881లో కార్ల్ వెర్నికీ అనే జర్మన్ డాక్టర్ ముగ్గురిలో దీన్ని గుర్తించాడు. ఇద్దరు తాగుడు అలవాటున్నవాళ్లు. మూడో మనిషి యాసిడ్ మింగి, వాంతులు ఆగక చిక్కిపోయిన ఒక అమ్మాయి. ముగ్గురూ చనిపోయారు. అప్పటికి విటమిన్ అనే మాటే లేదు.

మెదడు గ్లూకోజును వాడుకోవాలంటే బి1 కావాలి. ఒంట్లో దాని నిల్వ 30 మిల్లీగ్రాముల దాకానే ఉంటుంది. తిండి మానేస్తే రెండు మూడు వారాల్లో ఖాళీ. కళ్లను తిప్పే, ఒంటిని నిలబెట్టే మెదడు భాగాలు త్వరగా దెబ్బతింటాయి. ఆ స్థితిలో ఒట్టి గ్లూకోజు ఎక్కిస్తే మిగిలిన కాస్త బి1 కూడా ఖర్చయిపోతుంది.

బి1 లోపం మన కోస్తాకి కొత్త కాదు. ఉత్తర సర్కారు జిల్లాల్లో బెరిబెరి మీద మాల్కమ్‌సన్ అనే డాక్టర్ 1835లోనే పుస్తకం రాశాడు. 1918లో కూనూరులో ఒక్క గదిలో బెరిబెరి పరిశోధన మొదలైంది. అదే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాద్ వచ్చింది. ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థ అదే. కారణం మన కంచంలోనే ఉంది: మరలో తెల్లగా పాలిష్ పట్టిన పచ్చిబియ్యం. తవుడుతో పాటే బి1 పోతుంది. ఉప్పుడు బియ్యంలో అది గింజ లోపలికి ఇంకి నిలుస్తుంది.

ఇది తాగేవాళ్ల జబ్బే అనుకోకండి. వారాల తరబడి వాంతులయ్యే గర్భిణులకు, బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు, తిండి మానేసి డైటింగ్ చేసేవాళ్లకు కూడా రావచ్చు. తూలడం, కళ్లు ఊగడం, మతి తప్పడం మూడూ కలిసే రావాలనేం లేదు. హఠాత్తుగా తూలితే అది పక్షవాతమైనా కావచ్చు. ఏదైనా సరే, ఆస్పత్రికి వెళ్లాల్సిందే. వెళ్లాక "ఇన్ని రోజులుగా తినలేదు, తిన్నది నిలవట్లేదు" అని మొదటే చెప్పండి. బి1 ఇవ్వాలేమో అడగండి.

పెదనాన్న కళ్లు రెండు రోజుల్లో కుదురుకున్నాయి. నడక మాత్రం నెలలు పట్టింది. ఇప్పటికీ చేతికర్ర ఉండాల్సిందే. "ఎప్పుడొచ్చావురా?" అని గంటలో మూడుసార్లు అడుగుతాడు. మేం నవ్వుకుంటూ కూర్చున్న ఆ నాలుగు రోజుల్లో ఏదో ఒకరోజు కదిలి ఉంటే, ఒక్కసారే అడిగేవాడేమో.