తేనెకు తగిన జాడీ

ఉప్పల్ నుంచి ఒక సోదరి ఇలా రాశారు: “మా ఇంట్లో తేనె వాడకం ఎక్కువ. సీసా మూత ఎప్పుడూ జిగటగానే వుంటుంది, చీమలు పడుతున్నాయి. బజారులో మీట నొక్కితే ధార పడే గాజు డిస్పెన్సర్ చూశాను. కొనవచ్చునా? ప్లాస్టిక్ సీసా మేలా? మామగారికి చక్కెర వ్యాధి వుంది. ఆడపడుచు ఎనిమిది నెలల బాబుతో పుట్టింటికి వచ్చి వుంది.” నాచారం నుంచి మరో గృహిణి కూడా ఇంచుమించు ఇదే అడిగారు. ఇద్దరికీ కలిపి జవాబు చెబుతున్నాము.

ముందు తేనె స్వభావం తెలుసుకోవాలి. తేనెకు ఆమ్ల గుణం వుంది. అందుచేత రాగి, ఇత్తడి, ఇనుము, అల్యూమినియం పాత్రలలో దానిని నిలవ వుంచరాదు. గాజు అన్నిటికంటె మేలు. మంచి స్టెయిన్‌లెస్ స్టీలు, పగుళ్ళు లేని పింగాణీ కూడా పనికివస్తాయి. తేనెకు గాలిలోని తేమను పీల్చుకునే గుణం కూడా వుంది. మన ఆహార ప్రమాణాల ప్రకారం తేనెలో నీరు నూటికి 20 పాళ్ళకు మించరాదు. తేమ పెరిగితే తేనె పులుస్తుంది, నురుగు కడుతుంది. కాబట్టి మూత బిగుతుగా వుండటం జాడీ అందంకంటె ముఖ్యం.

మీట వున్న డిస్పెన్సర్‌లో అడుగున ఒక రంధ్రం, దానిని మూసే బిరడా, పైన స్ప్రింగు వుంటాయి. మీట నొక్కగానే బిరడా లేచి తేనె ధారగా దిగుతుంది. చెంచా ముంచే పని లేదు, కనుక తడి చెంచా బెడద తప్పుతుంది. అది మంచిదే. అయితే కొనేముందు నాలుగు సంగతులు చూడండి. భాగాలన్నీ చేత్తో విడదీయటానికి రావాలి. మూతి బ్రష్షు పట్టేటంత వెడల్పు వుండాలి. స్ప్రింగు, లోపలి కడ్డీ తుప్పు పట్టనివై వుండాలి. మీట దిగే చోట సందు వుండరాదు; ఆ సందులోంచే చీమ, తేమ రెండూ దూరుతాయి. కింద పెట్టే పీట లేదా పళ్ళెం కూడా కావాలి, చివరి చుక్క ఎప్పుడూ కారుతుంది.

నొక్కే ప్లాస్టిక్ సీసా తేలిక, పిల్లల చేతిలో పగలదు. ఆహారానికి తగినదని గ్లాసు, ఫోర్కు బొమ్మ వున్నదే కొనండి. నూనె డబ్బాలను, మందు సీసాలను కడిగి వాడవద్దు. చెక్క డిప్పరు వాడేవారు కడిగిన తరువాత పూర్తిగా ఆరనివ్వాలి.

జాడీ పెద్దది అక్కరలేదు. తేనె నీటికంటె బరువు, 250 మిల్లీలీటర్ల జాడీలో సుమారు 350 గ్రాములు పడుతుంది. నలుగురున్న ఇంటికి అది చాలు. మిగిలినది అసలు సీసాలోనే మూత బిగించి వుంచండి. జాడీ ఖాళీ అయిన ప్రతిసారీ కడిగి, తుడిచి, ఎండనిచ్చి మళ్ళీ నింపండి. పాతదానిమీద కొత్తది పోయవద్దు. చలికాలంలో తేనె పేరుకుంటే అది కల్తీ అనుకోనక్కరలేదు, అది సహజమే. గాజు జాడీ అయితే చేయి తాళగల వేడినీటిలో నిలబెట్టండి, కరుగుతుంది. పొయ్యిమీద పెట్టవద్దు, ఫ్రిజ్‌లోనూ వద్దు.

ఇక మామగారి సంగతి. ‘తేనె చక్కెర కాదు కదా’ అని చాలామంది అంటారు. చక్కెర వ్యాధి విషయంలో అది చక్కెరే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015 నాటి మార్గదర్శకాలలో తేనెను కూడా తగ్గించవలసిన చక్కెరలలోనే చేర్చింది. మీకు దగ్గరలోనే తార్నాకలో వున్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం, ఆరోగ్యవంతులకైనా పైనుంచి కలిపే చక్కెర రోజుకు 25 గ్రాములు దాటరాదు. ఒక టీస్పూను తేనె సుమారు 7 గ్రాములు. మూడు టీస్పూనులు పడితే 21. డిస్పెన్సర్‌తో వచ్చే చిక్కు ఇదే, ధార ఎంత పడిందో తెలియదు. గ్లాసులోకి నేరుగా వంచక, ముందు చెంచాలోకి వంచి కొలవండి. మామగారు ఎంత తీసుకోవచ్చునో ఆయన డాక్టరుగారినే అడగండి.

అన్నిటికంటె ముఖ్యం ఎనిమిది నెలల బాబు. ఏడాది నిండని బిడ్డకు తేనె చుక్కయినా ఇవ్వరాదు. తేనెలో ఒక్కొక్కప్పుడు బొటులినమ్ అనే సూక్ష్మజీవి బీజాలు వుంటాయి. పెద్దల పేగులు వాటిని ఎదగనివ్వవు. పసిబిడ్డ పేగులలో అవి మొలిచి విషం పుట్టిస్తాయి, కండరాలు పట్టు తప్పుతాయి. ఈ వ్యాధిని 1976లో అమెరికాలోని కాలిఫోర్నియాలో మొదటిసారి గుర్తించారు. తేనె ఎంత స్వచ్ఛమైనా ఈ భయం పోదు, మామూలుగా కాచినా ఆ బీజాలు చావవు. పుట్టగానే నాలుకకు తేనె రాయటం, వసకొమ్ము తేనెలో అరగదీసి నాకించటం, మందుపొడి తేనెలో రంగరించటం మన ఇళ్ళలో పెద్దలు ప్రేమతో చేసే పనులే. ఏడాది నిండేవరకు అవన్నీ మానండి. బిడ్డకు మలబద్ధకం, ఏడుపు నీరసించటం, పాలు తాగలేకపోవటం, రెప్పలు వాలటం, మెడ నిలవకపోవటం కనిపిస్తే తెల్లవారేదాకా ఆగక, నిలోఫర్ వంటి పిల్లల ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. తేనె నాకించి వుంటే ఆ మాట దాచకుండా డాక్టరుకు చెప్పండి.

కొత్త జాడీలోకి పోయగానే అసలు సీసామీది తేదీ, హెచ్చరిక రెండూ మీ కళ్ళముందు వుండవు. కనుక ఏ జాడీ కొన్నా దానిమీద ఒక చీటీ అతికించండి: పోసిన తేదీ, దాని కింద ‘ఏడాది లోపు బిడ్డకు వద్దు’ అని పెద్ద అక్షరాలతో. ఆ చీటీ అత్తగారికి, ఆడపడుచుకు కూడా చదివి వినిపించి, జాడీని పై అరలో పెట్టండి.