ఆకులు కట్టిస్తే ఆదివాసీ పాఠం అయిపోద్దా?

ఆగస్టు 9 వస్తే చాలు, మన తీరం బడుల్లో కొన్నింట ఒకటే తంతు. పిల్లల మొహాలకు మసి పూస్తారు. నడుముకు మామిడాకులు కడతారు. చేతికి అట్టముక్క ఈటె ఇచ్చి స్టేజీ మీద కేకలు పెడతా ఎగరమంటారు. ఫొటోలు వాట్సాప్ స్టేటస్‌లోకి పోతాయి. అదంట ప్రపంచ ఆదివాసీ దినోత్సవం!

ఆ వరసలో నిలబడిన యానాది పిల్లోడు ఏమనుకోవాల? వాళ్ల నాయన తెల్లారకముందే ప్యాంటూ చొక్కా వేసుకొని రొయ్యల గుంట కాపలాకి పోయుంటాడు. వాళ్లమ్మ పులికాట్ బురదలో పీతలు పడతా ఉంటది. మరి ఈ ఆకులు కట్టుకున్నోళ్లు ఎవురు?

ఎన్‌సీఈఆర్‌టీ ఏడో తరగతి భూగోళం పుస్తకంలో చాలా ఏళ్లు అమెజాన్ పాఠం ఉండేది. అక్కడోళ్లు తేనెపట్టు ఆకారంలో గడ్డి ఇళ్లు కట్టుకుంటారనీ, కసావా దుంప తింటారనీ అందులో ఉంది. మంచిదే, పిల్లలకు ప్రపంచం తెలియాల్సిందే. కానీ అట్టాంటి గుండ్రటి గుడిసె, వంగి దూరాల్సిన వాకిలి, పైన తాటాకు, మన యానాదులదీ అదే కదా! ఎక్కడో బ్రెజిల్లో ఉంటే 'సంస్కృతి', ఊరి చివర ఉంటే 'వెనకబాటు'. ఇదేం లెక్క?

మనకు వర్షారణ్యం లేదు, నిజమే. కానీ శ్రీహరికోట ఉంది. ఒక పక్క పులికాట్, ఇంకో పక్క బంగాళాఖాతం, మధ్యలో ఏడాది పొడుగునా పచ్చగుండే తీరపు అడవి. అందులో మనోళ్లు తేనె తీశారు, సుగంధిపాల వేర్లు తవ్వారు, కుంకుడుకాయలు ఏరారు, ఎర్ర రంగుకు చిరివేరు తెచ్చారు. 1835లో కుంఫిణీ సర్కారు దీవిని చేతిలోకి తీసుకున్నాక ఆ సరుకంతా దాని ఖాతాలోకి పోయింది. 1909లో అచ్చయిన థర్‌స్టన్ పుస్తకాల్లో యానాదుల గురించి పేజీలకు పేజీలు ఉన్నాయి. మనూరి మనిషి వెన్నెలకంటి రాఘవయ్య 1962లో ఇంగ్లిష్‌లో ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. అంటే రాసేదానికి సమాచారం లేక కాదు. నేను పదో తరగతి దాకా చదివిన ఏ ఒక్క పాఠంలోనూ శ్రీహరికోట యానాది నాకు కనపడలేదు.

రాకెట్ మాత్రం కనపడింది. 1969లో ఆ చోటు ఎంపిక చేశారు, 1971 అక్టోబర్ 9న మొదటి రోహిణి రాకెట్ లేచింది. దాంతోపాటే మన కుటుంబాలూ దీవి నుంచి లేచాయి. మొదటిది పాఠం, పరీక్షలో ప్రశ్న, మార్కులు. రెండోది ఎవురూ అడగరు. పిల్లల్ని బస్సెక్కించి రాకెట్ ప్రయోగం చూపిస్తారు, ఫ్లెమింగో ఫెస్టివల్‌కి తీసకపోయి కొంగల్ని చూపిస్తారు. ఆ నీళ్లలో ఆ కొంగల పక్కనే పీతలు పట్టే మనిషిని చూపించరు. రాకెట్‌కి నేనేం వ్యతిరేకం కాదు. లేచిన వాళ్ల కథ కూడా చెప్పమంటా ఉండా, అంతే.

అమెజాన్ పాఠమైనా సగమే. యానోమామి అనే తెగ భూమికి బ్రెజిల్ ప్రభుత్వం 1992లో హద్దులు గుర్తించింది. అయినా బంగారం తవ్వేవాళ్లు చొరబడి నదుల్లో పాదరసం కలుపుతానే ఉండారు. ఇది చెప్తే పిల్లోడు తిరిగి అడుగుతాడు, 'సార్, మరి మన దగ్గర?' అని. ఆ ప్రశ్న రాకూడదనే ఇల్లూ దుంపా దగ్గర ఆపేస్తారేమో అని నాకు అనుమానం.

తమిళనాడులో ఇరులర్లు 1978లో సహకార సంఘం పెట్టుకొని పాము విషం తీసి మందుల కంపెనీలకు ఇస్తా ఉండారు. వాళ్లలో ఇద్దరికి 2023లో పద్మశ్రీ వచ్చింది. అదే విద్య మనోళ్ల చేతిలో ఉంటే 'ఎలకలు పట్టేవాళ్లు' అని తిట్టు. ఏ బొక్కలో ఎలక ఉందో, ఏది వదిలేసిపోయిందో మట్టి చూసి చెప్పేది సైన్స్ కాదా? వరి రైతు పంట దక్కించుకునేది ఆ విద్యతోనే కదా!

బడి బయటి జీవితంతో చదువును కలపాలని జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం 2005లోనే చెప్పింది. మనం కొత్తగా ఏమీ అడగట్లేదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈసారి ఆగస్టు 9కి వారం ముందే మీ ఊరి బడికి పోండి. ఆకులు వద్దని హెడ్‌మాస్టర్‌కి మర్యాదగానే చెప్పండి. స్టేజీ మీద ఒక కుర్చీ వేయమని అడగండి. అందులో మీ తాతో అవ్వో కూర్చుంటారు, పిల్లలు ప్రశ్నలు అడుగుతారు. ఒప్పుకోకపోతే అర్జీ రాసి సంతకాలు పెట్టించండి. నెల్లూరులో యానాదుల కోసమే ఒక ఐటీడీఏ ఉంది, అందరం కలిసి పీఓ దగ్గరికే పోదాం.