తొంభై రోజుల కాపలాకు ఒక పతకం

పావగడ తాలూకాలోని నిడుగల్లు కొండకోట ఒకప్పుడు చోళుల శాఖ ఒకదానికి రాజధాని. ఇవాళ ఆ చుట్టుపక్కల ఇళ్లలో వినిపించేది ఎక్కువగా తెలుగే. కర్ణాటక, రాయలసీమల సరిహద్దు పొడవునా ఉన్న ఈ సీమలో పొలాల గట్ల మీద, గుళ్ల ముందు వీరగల్లులు కనిపిస్తాయి. ఆవుల మందను దొంగల నుంచి కాపాడబోయి పడిపోయినవాడికో, ఊరి కోసం పోరాడి ప్రాణం వదిలినవాడికో ఆ రాయి నిలిపేవారు. రాయి దక్కాలంటే మనిషి చనిపోవాలి. సైనికుడి గౌరవమంటే మనకు ఈనాటికీ ముందుగా తోచేది అదే. అందుకేనేమో, ఈ ప్రాంతాల నుంచి సైన్యంలో చేరినవాళ్లు ఇంటికి తెచ్చుకునే ఐక్యరాజ్య సమితి పతకం విలువ ఏమిటో పక్కింటివాళ్లకే తెలియదు.

ఆ పతకం యుద్ధంలో చూపిన సాహసానికి ఇచ్చేది కాదు. సమితి శాంతి పరిరక్షక దళంలో నియమితుడైన సైనికుడు గానీ, పోలీసు గానీ ఆ మిషన్ ప్రాంతంలో వరుసగా 90 రోజులు మచ్చ లేకుండా పనిచేస్తే అర్హత వస్తుంది. కొన్ని తొలినాటి మిషన్లకు గడువు వేరుగా ఉండేది, తరువాత దాదాపు అన్నిటికీ 90 రోజులే ప్రమాణమైంది. బెటాలియన్ కమాండర్‌కూ వంటవాడికీ, సర్జన్‌కూ ట్రక్కు డ్రైవర్‌కూ ఒకటే పతకం. అదే మిషన్‌కు మళ్లీ వెళ్లి గడువు పూర్తి చేస్తే రిబ్బన్ మీద చిన్న అంకె చేరుతుంది.

1956లో సూయజ్ సంక్షోభం తరువాత సినాయ్, గాజాలకు వెళ్లిన తొలి అత్యవసర దళంతో ఈ సంప్రదాయం మొదలైంది. అప్పటి ప్రధాన కార్యదర్శి డాగ్ హామర్‌షెల్డ్ 1959లో పతకాన్ని నెలకొల్పారు. కంచు బిళ్లకు ఒక వైపు సమితి చిహ్నం, రెండో వైపు ‘శాంతి సేవలో’ అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాటలు. రిబ్బన్ మాత్రం మిషన్‌కొక రకం. ఆ తొలి దళం రిబ్బన్‌లో సినాయ్ ఇసుక రంగు, మధ్యలో సమితి నీలం, పక్కన నైలు లోయ ఆకుపచ్చ గీత ఉంటాయి. తెలిసినవాళ్లు రిబ్బన్ చూసి ఆ సైనికుడు ఏ దేశంలో కాపలా కాసి వచ్చాడో చెప్పేస్తారు.

సాహసాన్ని వదిలి రోజులను ఎందుకు లెక్కపెట్టాలి? ఆ పని స్వభావమే అలాంటిది. శాంతి సైనికుడు ఎవరినీ ఓడించడానికి వెళ్లడు. ఆత్మరక్షణకు, అప్పగించిన బాధ్యతను కాపాడడానికి తప్ప తుపాకీ పేల్చకూడదు. అతడి పోస్టు ఉన్నందువల్ల ఆ రాత్రి ఒక ఊరి మీద దాడి జరగకపోతే అదే విజయం. జరగని దాడికి సాక్ష్యం ఉండదు, దానికి శౌర్య పతకం రాయడం ఎవరి తరమూ కాదు. నిలబడిన రోజులను మాత్రం లెక్కించవచ్చు.

నిలబడడం తేలిక అనుకునేవారు కాంగో చరిత్ర చూడాలి. 1961 డిసెంబర్ 5న ఎలిజబెత్‌విల్‌లో కెప్టెన్ గురుబచన్ సింగ్ సలారియా పదహారు మంది గూర్ఖాలతో దాదాపు తొంభై మంది సాయుధులను ఎదుర్కొని నేలకొరిగారు. శాంతి దళంలో ఉండి పరమవీర చక్ర పొందినవారు ఇప్పటికీ ఆయన ఒక్కరే. కొడగు బిడ్డ జనరల్ తిమ్మయ్య 1965 డిసెంబర్‌లో సైప్రస్ దళానికి నాయకత్వం వహిస్తూనే కన్నుమూశారు. ఇప్పటిదాకా మన దేశం 50కి పైగా మిషన్లకు 2,90,000 మందికి పైగా పంపింది. సుమారు 180 మంది తిరిగి రాలేదు, మరే దేశమూ ఇంతమందిని పోగొట్టుకోలేదు. విధి నిర్వహణలో చనిపోయినవారి కోసం 1997లో భద్రతా మండలి హామర్‌షెల్డ్ పేరిటే వేరొక పతకం నెలకొల్పింది.

సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్‌బాబు పేరు తెలియని తెలుగువాడు ఉండడు. 2020 జూన్‌లో గల్వాన్‌లో ప్రాణాలర్పించారు, మరణానంతరం మహావీర చక్ర వచ్చింది. ఆయన అంతకుముందు కాంగోలో శాంతి దళంలో పనిచేశారన్న సంగతి ఎంతమందికి తెలుసు? ఆయన జీవితంలో ఒక్క రాత్రి మనకు కంఠస్థమైంది, మరో ఖండంలో పరాయి జనం కోసం గడిపిన రోజులు మన లెక్కలోకే రాలేదు. ఇది ఆయనకు చిన్నతనం కాదు, మన చూపులో ఉన్న లోటు.

సమితి డ్యూటీ అంటే డాలర్ల డ్యూటీ అనే మాట ఊళ్లలో తరచూ వినిపిస్తుంది. సైనికుడికి విదేశీ భత్యం దక్కేమాట నిజమే. కానీ సమితి ఒక్కో సైనికుడికి నెలకు ఇంత అని లెక్కగట్టి చెల్లించే మొత్తం, 2018లో అది 1,428 డాలర్లు, చేరేది ప్రభుత్వానికి. అదీ తరచూ ఆలస్యంగా. డబ్బు కోసమే మన పిల్లలు మలేరియా అడవుల్లో పహరా కాస్తున్నారనడం అన్యాయం. 2007 నుంచి 2016 దాకా లైబీరియాలో పనిచేసిన మన మహిళా పోలీసు దళాలను చూసి అక్కడి ఆడపిల్లలు పోలీసు ఉద్యోగానికి ముందుకొచ్చారు. ఏ భత్యం లెక్కలోనూ ఇది కనిపించదు.

శౌర్య పతక గ్రహీతలకు రాష్ట్ర ప్రభుత్వాలు నగదు బహుమతులు ఇస్తాయి. అది సబబే. సమితి పతకానికీ డబ్బు ఇవ్వాలని నేను అడగను. అడిగేది ఆ సేవ నమోదు, అదీ ఆలస్యం లేకుండా. శాంతి దళాల కాలమే ఇప్పుడు కుదించుకుపోతోంది. నిధుల కొరతతో దళాల్లో నాలుగో వంతును వెనక్కి పిలుస్తున్నట్టు 2025 అక్టోబర్‌లో సమితి ప్రకటించింది. మన బెటాలియన్ 1998 నుంచి ఉన్న లెబనాన్ మిషన్‌కు 2026 ఆఖరుతో గడువు ముగించాలని భద్రతా మండలి తీర్మానించింది. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలు, మాజీ సైనికుల సంఘాలు కలిసి ఏ ఊరివారు ఏ మిషన్‌లో ఎన్నాళ్లు ఉన్నారో, అక్కడ ఏం చూశారో వారి నోటితోనే చెప్పించి రాయించాలి. 1961లో కాంగో వెళ్లిన జవాన్లలో బతికి ఉన్నవారు ఎనభై దాటారు. మొదట వాళ్ల ఇళ్లకు వెళ్లాలి.