ముందు ముద్ద పెట్టండి, కాగితం తర్వాత!

తల్లిదండ్రులారా, ఊరి పెద్దలారా, అంగన్‌వాడీ టీచరమ్మలారా!

బిడ్డను చంకనేసుకుని అంగన్‌వాడీకి పోయిన తల్లిని మొదట అడగాల్సింది బిడ్డకు ఎన్ని నెలలు, బరువెంత అని. చాలాచోట్ల మొదట అడుగుతున్నది ఆధార్. లేదంటే "చేయించుకుని రామ్మా" అంటారు. ఆమె చేయించుకుని వచ్చేలోపు నెలకు రావాల్సిన రెండున్నర కిలోల బాలామృతం పిండి, గుడ్లు ఆ బిడ్డకు అందకుండానే పోతాయి. పోయిన నెల తిండి వచ్చే నెల పెట్టలేం కదా.

చట్టంలో ఈ అడ్డంకి లేదు. 2013 జాతీయ ఆహార భద్రతా చట్టం ఆరు నెలల నుంచి ఆరేళ్ల దాకా ప్రతి బిడ్డకూ అంగన్‌వాడీలో ఉచితంగా ఆహారం ఇవ్వాలంటోంది. గర్భిణికీ, కాన్పయ్యాక ఆరు నెలల దాకా తల్లికీ ఆ హక్కుంది. కులం, ఆదాయం, తెల్లకార్డు ఊసే లేదు. ఆధార్ నంబరు చూపలేదని ఏ బిడ్డకూ పథకం ఆపొద్దని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 26న తీర్పు చెప్పింది. బిడ్డ ఆధార్ తప్పనిసరి కాదని, తల్లి ఆధార్‌తోనే నమోదు చేయవచ్చని కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖే వివరణ ఇచ్చింది. ఈ మాటలు ఢిల్లీలో ఉన్నాయి, మన అంగన్‌వాడీ కేంద్రం గోడ మీద లేవు.

అసలు చిక్కు మన ఇళ్ల తీరులోనే ఉంది. తొలి కాన్పుకు పుట్టింటికి పోతాం. గర్భిణిగా పేరు అత్తగారి ఊళ్లో ఉంటుంది, కాన్పు పుట్టింటి దగ్గరి పట్నం ఆసుపత్రిలో అవుతుంది, జనన నమోదు ఆ పట్నం మున్సిపాలిటీలో పడుతుంది. బారసాల ఆలస్యమైతే జనన పత్రంలో పేరు గడి ఖాళీ. తల్లి ఆధార్‌లో పుట్టింటి పేరు, తల్లీబిడ్డల కార్డులో అత్తింటి పేరు. ఐదో నెలలో బిడ్డతో తిరిగొచ్చిన ఆ తల్లి ఏ ఆఫీసుకు పోవాలి?

దీనికి తోడు 2025 జులై 1 నుంచి అంగన్‌వాడీలో ఇంటికిచ్చే సరుకుకు ముఖ గుర్తింపు తప్పనిసరి చేశారు. దానికి ముందు ఆధార్‌తో ఈకేవైసీ కావాలి. ఓటీపీ వచ్చే ఫోన్ భర్త జేబులో ఉంటుంది, ఆయన దుబాయ్‌లోనో హైదరాబాద్ మేస్త్రీ పనిలోనో ఉంటాడు. ఒడిశా నుంచి ఇటుక బట్టీలకు వచ్చే కుటుంబాల గతి మరీ అన్యాయం. అంగన్‌వాడీల పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఒక కేంద్రం నుంచి ఇంకో కేంద్రానికి పేరు మార్చే వీలుంది. బట్టీ దగ్గరికి పోయి ఆ సంగతి చెప్పేదెవరు?

దొంగ పేర్లు రాసి సరుకు మింగేవాళ్లు లేరని మేమనడం లేదు. ఉన్నారు, లెక్క ఉండాల్సిందే. ఆ దొంగల్ని పట్టే భారం ఏడు నెలల బిడ్డ మీద మోపడం మాత్రం ఏ లెక్కా కాదు. టీచర్లను తిట్టినా లాభం లేదు. యాప్‌లోకి ఎక్కని బిడ్డకు గుడ్డు పెడితే రేపు ఆ గుడ్డు లెక్క ఆమె మెడకే చుట్టుకుంటుంది.

అందుకే అడుగుతున్నాం. బిడ్డ వచ్చిన రోజే తిండి మొదలు కావాలి. కాగితాలు కుదిరేదాకా టీచర్ చేత్తో రాసిన నమోదు, దానికి ఆశా కార్యకర్త సాక్ష్యం చాలని శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారి (సీడీపీఓ) రాతపూర్వకంగా ఆదేశమివ్వాలి. నోటిమాట వద్దు, నోటిమాటను నమ్ముకుని ఏ టీచరూ ధైర్యం చేయదు.

కాగితాల పని కూడా కేంద్రంలోనే జరగాలి. నెలనెలా ఆరోగ్య పోషకాహార దినానికి ఏఎన్‌ఎం, ఆశా అక్కడికి వస్తూనే ఉన్నారు. ఆ రోజు పంచాయతీ కార్యదర్శి కూడా కూర్చోవాలి, ఊరి జనన మరణాల రిజిస్ట్రార్ ఆయనే. పుట్టిన 21 రోజుల్లో నమోదు ఉచితం, ఏడాది దాటితే మెజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. ఖాళీ గడిలో పేరు చేర్చడానికి ఏడాది దాకా రుసుం లేదు. నమోదు వేరే ఊళ్లో అయి ఉంటే దరఖాస్తు రాయించి అక్కడికి పంపే పని కార్యదర్శి చేయాలి, పచ్చి బాలింతను బస్సెక్కించొద్దు. ఆధార్ కిట్ కూడా మూడు నెలలకోసారైనా కేంద్రానికి రావాలి. ఐదేళ్లలోపు పిల్లలకు వేలిముద్రల పని లేదు, ఫొటో తీసి తల్లి ఆధార్‌కో తండ్రి ఆధార్‌కో ముడిపెడతారు. ఒకసారి చూసిన కాగితం మళ్లీ అడగకూడదు.

మనం చేయాల్సిందీ ఉంది. జనన పత్రం, తల్లీబిడ్డల కార్డు, తల్లి ఆధార్ నకలు ఒకే కవర్లో పెట్టుకోండి. పుట్టింటికి పోయేటప్పుడు ఆ కవరు వెంట తీసుకుపోండి. ఓటీపీ వచ్చే నంబరును తల్లి ఫోన్ నంబరుగా మార్పించండి. పేరు రాయమంటే ఎందుకు రాయరో కాగితం మీద రాసిమ్మనండి. ఇవ్వకపోతే జిల్లా ఫిర్యాదుల పరిష్కార అధికారికి, అక్కడా తేలకపోతే రాష్ట్ర ఆహార కమిషన్‌కు రాయండి. వచ్చే గ్రామసభకు పిల్లల్ని ఎత్తుకునే రండి, ఈ కోర్కెల మీద తీర్మానం చేయించి అందరం సంతకాలు పెడదాం.

ఇట్లు,
అంగన్‌వాడీ పిల్లల తల్లులు