గోరుచిక్కుడు ముడులు

పిల్లలూ! కోటవురట్లలో కూర వండుకునే గోరుచిక్కుడుకూ, చమురు బావికీ సంబంధం వున్నదంటే నమ్ముతారా?

ఆ గింజల జిగురులోని అణువులు పొడవైన గొలుసులు. నీటిలో కలిపి, బోరాన్ లవణం వేస్తే అవి ఒకదానికొకటి ముడిపడి, నీరు చిక్కనవుతుంది. ఆ నీటిని బావిలోకి బలంగా పంపి రాతిని చీలుస్తారు. చీలిక మూసుకోకుండా అది ఇసుకను మోసుకుపోవాలి.

కృష్ణా-గోదావరి ప్రాంతంలో 4 కిలోమీటర్ల లోతు దాటిన బావులున్నవి. అంత లోతున నీటి బరువే, మన మీది గాలి ఒత్తిడికి దాదాపు 400 రెట్లు! చిత్రమేమిటంటే, ఒత్తిడి మరీ పెరిగితే బోరాన్ ముడులు విడిపోతవి. అప్పుడు ఇసుక దారిలోనే దిగిపోయి, శ్రమంతా వృథా! అందుకే అటువంటిచోట ఒత్తిడికి తట్టుకునే జిర్కోనియంతో ముడివేస్తారు.

బెండకాయముక్కలు నానిన నీటిలోనూ, మామూలు నీటిలోనూ చిటికెడు ఇసుక వేయండి. ఎందులో ఆలస్యంగా దిగిందో చూడండి!